రీబస్ ఇంక చాలా? ఈ వాదన వెనుక నూట ముప్పై ఏళ్ల చరిత్ర

స్కాట్లాండ్ రచయిత ఇయాన్ ర్యాంకిన్, ఎడిన్‌బరో పోలీసు డిటెక్టివ్ జాన్ రీబస్ మీద రాసే నవలలు వదలకుండా చదివేవాళ్లు రెండు వర్గాలుగా చీలిపోయి ఉన్నారు. 2007లోనే ఆపేసి ఉంటే బాగుండేదని ఒకరంటారు. ఊపిరి ఉన్నంతవరకూ రాయాల్సిందే అని ఇంకొకరంటారు. 2024లో వచ్చిన 'మిడ్‌నైట్ అండ్ బ్లూ'లో రీబస్ ఎడిన్‌బరో జైల్లో ఖైదీగా కనిపిస్తాడు. తాళం వేసిన గదిలో తోటి ఖైదీ హత్యకు గురైతే దాని సంగతి తేల్చే పని ఈ ముసలాయన మీద పడుతుంది. మొదటి వర్గానికి ఇది సాగదీత, రెండో వర్గానికి సిరీస్ చేరాల్సిన చోటు. నేను రెండో వర్గం మనిషిని. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. ఇంకా చదవనివాళ్లు గమనించండి, కథల ముగింపులు కొన్ని ఇక్కడ బయటపడతాయి.

డిటెక్టివ్‌ని రచయిత ఎప్పుడు ఆపాలన్న గొడవ బ్రిటన్‌లో 1893 డిసెంబర్ నాటిది. చారిత్రక నవలలే తన అసలు పని అనుకునే కానన్ డాయిల్, షెర్లాక్ హోమ్స్‌ని స్విట్జర్లాండ్‌లోని రైఖెన్‌బాఖ్ జలపాతంలోకి తోసేశాడు. రెండేళ్ల ముందే హోమ్స్‌ని చంపేస్తానని తల్లికి ఉత్తరం రాస్తే ఆవిడ వద్దంది. కథ అచ్చయ్యాక 'స్ట్రాండ్' పత్రికకు ఇరవై వేలకు పైగా చందాదారులు దూరమయ్యారని చెబుతారు. డాయిల్‌కు తిట్ల ఉత్తరాలు వచ్చాయి. 1901లో హోమ్స్ చావుకు ముందు జరిగినట్టుగా బాస్కర్‌విల్ వేటకుక్క కథ మొదలుపెట్టాడు. అదీ చాలక 1903లో మనిషినే బతికించి తెచ్చాడు. పాఠకుల పట్టుదలే గెలిచింది.

అయితే గెలిచినవాళ్లూ పూర్తిగా సంతోషపడలేదు. కార్న్‌వాల్‌కు చెందిన ఒక పడవవాడు తనతో అన్న మాటను డాయిల్ స్వయంగా రాసుకున్నాడు: కొండ మీంచి పడినప్పుడు హోమ్స్ చచ్చిపోలేదేమో గానీ, ఆ తర్వాత మాత్రం మునుపటి మనిషి కాడు. ఇవాళ రీబస్ గురించి మొదటి వర్గం అంటున్నదీ అచ్చంగా ఇదే.

హోమ్స్ తర్వాత వచ్చినవాళ్లు రకరకాల దారులు పట్టారు. అగాథా క్రిస్టీ తొలి నవల 1920లో వచ్చేనాటికే ఆమె డిటెక్టివ్ ప్వారో రిటైరైన బెల్జియం పోలీసు. లెక్క ప్రకారం ప్వారో చివరి నవల అచ్చయిన 1975 నాటికి ఆయనకు వందేళ్లు దాటి ఉండాలి. పాఠకులు ఆ లెక్క అడగలేదు. (కొమ్మూరి సాంబశివరావు యుగంధర్ ఏ సంవత్సరంలో పుట్టాడని మనమూ అడగలేదు కదా.) కాలిన్ డెక్స్టర్ మాత్రం 1975లో మొదలుపెట్టిన ఇన్‌స్పెక్టర్ మోర్స్‌ని తాగుడుతో, మధుమేహంతో క్రమంగా దెబ్బతీస్తూ వచ్చి 1999లో చంపేశాడు. అప్పటికే పాఠకుల మనసు సిద్ధపడి ఉంది. మోర్స్ మళ్లీ బతకలేదు.

ర్యాంకిన్ దారి వేరు. 1987లో 'నాట్స్ అండ్ క్రాసెస్' వచ్చేనాటికి ఆయన వయసు ఇరవై ఆరు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా ఉంటూ రాసిన నవల అది. సిరీస్ ఆలోచనే లేదు. రీబస్ నలభైల్లో ఉన్నవాడు, విడాకులైనవాడు, సైన్యం నుంచి పోలీసుకు వచ్చినవాడు. తర్వాత పుస్తకాలు కొనసాగుతుంటే ర్యాంకిన్ ఒక నిర్ణయం తీసుకున్నాడు: బయట క్యాలెండర్ ఎంత కదిలితే రీబస్ వయసూ అంత పెరుగుతుంది. స్కాట్లాండ్‌కు సొంత పార్లమెంటు రావడం, 2005 జీ8 సమావేశం, తర్వాత కరోనా, అన్నీ కథల్లోకి వచ్చాయి.

ఆ నిర్ణయమే ఆయన్ని ఇరుకున పెట్టింది. అప్పట్లో స్కాట్లాండ్‌లో రీబస్ హోదా డిటెక్టివ్ అరవై నిండగానే దిగిపోవాలి. 2007లో వచ్చిన 'ఎగ్జిట్ మ్యూజిక్' కథ 2006 నవంబర్‌లో, ఉద్యోగం ఇంకొన్ని రోజుల్లో ముగుస్తుందనగా జరుగుతుంది. రిటైర్మెంట్ వయసు పెంచే వీలుందా అని స్కాటిష్ పార్లమెంటులో రీబస్ అభిమాని అయిన ఒక సభ్యురాలు నిజంగానే అడిగింది. ఆ నవల చివరి పేజీల్లో రీబస్ ఆస్పత్రిలో ఉంటాడు. జీవితమంతా వెంటాడిన గ్యాంగ్‌స్టర్ కాఫర్టీ గుండె ఆగిపోతే, చావనివ్వనంటూ వాడి ఛాతీ మీద రెండు చేతులతో మోదుతూ ఉంటాడు. ఇంతకంటే మంచి ముగింపు ఉండదన్న మొదటి వర్గం మాటను కాదనడం కష్టం.

ర్యాంకిన్ తర్వాత పోలీసుల తప్పుల మీదే దర్యాప్తు చేసే మాల్కం ఫాక్స్‌ని తీసుకుని రెండు నవలలు రాశాడు. 2012లో రీబస్ తిరిగొచ్చాడు, పాత కేసులు తిరగేసే విభాగంలో మామూలు పౌర ఉద్యోగిగా. ఆలోగా రిటైర్మెంట్ వయసు పెరిగింది కాబట్టి 2013 నవలలో మళ్లీ పోలీసయ్యాడు, ఒక మెట్టు కింద సార్జెంట్‌గా. ఆ తర్వాత మళ్లీ రిటైరైనా ప్రతి పుస్తకంలోనూ ఈ మనిషిని శవం దగ్గరికి తీసుకెళ్లడానికి ఏదో ఒక సాకు కావాల్సి వచ్చింది. కొన్ని సాకులు నిలబడవు. అది ఒప్పుకోవాల్సిందే.

కానీ 2020 నాటి నవల ఎలా మొదలవుతుందో చూడండి. రీబస్‌కు ఊపిరితిత్తుల జబ్బు. ఆర్డెన్ స్ట్రీట్‌లో మొదటి పుస్తకాల నుంచీ ఉంటున్న పై అంతస్తు ఇంటికి మెట్లెక్కలేక, అదే భవనంలో కింది వాటాకు మారతాడు. ఒకప్పుడు తన కింద పనిచేసిన షివాన్ క్లార్క్ వచ్చి పెట్టెలు సర్దిపెడుతుంది. ముప్పై ఏళ్లుగా ఆ మెట్లు అతనితోపాటు ఎక్కిన పాఠకుడికి ఈ ఇల్లు మారడం ఏ హత్య కన్నా పెద్ద సంఘటన.

అంతకన్నా ముఖ్యమైంది 2022 నవల. అది బోనులో నిలబడిన రీబస్‌తో మొదలవుతుంది. ఎనభైల్లో, తొంభైల్లో అతని పోలీసింగ్ మనకు హుషారుగా అనిపించింది. రూల్స్ తప్పినా, నేరస్తులతో కూర్చుని తాగినా నిజం కోసమేగా అనుకున్నాం. ఇప్పుడు ఒక స్టేషన్‌లోని పాత అవినీతి బయటికి వస్తుంటే అందులో అతని పేరూ వినిపిస్తుంది. వయసు రాని హోమ్స్‌నీ ప్వారోనీ ఇలా నిలదీయడం కుదరదు, వాళ్ల పాత కేసుల మీద కొత్త కాలం తీర్పు చెప్పదు. 2007లో ఆపేసి ఉంటే రీబస్ కూడా శత్రువు ప్రాణం కాపాడిన వీరుడిగానే మిగిలిపోయేవాడు. కానీ ఆ కాఫర్టీ మరణం కేసులోనే చివరికి జైలు పాలయ్యాడు.

క్లార్క్‌నే కథానాయికను చేసి రాయమని అడిగే పాఠకులూ ఉన్నారు. ఆ కోరికతో నాకు పేచీ లేదు. ఆమె రీబస్ దగ్గర పని నేర్చుకుంది. అతను దాటిన గీతలన్నీ దగ్గరుండి చూసింది, కొన్నిసార్లు చూసీ ఊరుకుంది. అతని లెక్క తేలాక ఆమె లెక్కా మొదలవ్వాలి. ర్యాంకిన్ ఆ పుస్తకం రాస్తే మొదటి వర్గం వాళ్లూ చదువుతారనే నా నమ్మకం.