సున్నపు డాబా నుంచి 600 గజాల నిబంధన దాకా

మే నెలలో హైదరాబాద్‌లో పై అంతస్తు అద్దె కాస్త తక్కువ ఎందుకో అక్కడ ఒక్క రాత్రి పడుకుంటే తెలుస్తుంది. పది దాటాక బయట గాలి చల్లబడినా స్లాబు మాత్రం సెగలు కక్కుతూనే ఉంటుంది. సాయంత్రం డాబా మీద బిందెడు నీళ్లు పోస్తే సుయ్యిమని ఆవిరి లేచి, చూస్తుండగానే ఆరిపోతుంది.

దీనికి పాత మందు సున్నమే. ఎండలు ముదరకముందే డాబాకు రెండు పూతలు సున్నం కొట్టించడం చాలా ఇళ్లలో ఉన్న అలవాటు. వానలు పడితే కొట్టుకుపోతుంది, మళ్లీ కొట్టాలి. ఇప్పుడు డబ్బాల్లో వచ్చే కూల్ రూఫ్ రంగుల సూత్రమూ అదే: ఎండను వెనక్కి కొట్టాలి, లోపలికి చేరిన వేడిని త్వరగా వదిలేయాలి.

ఈ పాత చిట్కాకు లెక్కలు కట్టినవారిలో ముందువరుసలో ఉన్నది అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల. ఆర్థర్ రోజెన్‌ఫెల్డ్, హాషెం అక్బరీ 1980ల నుంచి నగరాల వేడి మీద అక్కడ పనిచేశారు. తర్వాత ఆ ప్రయోగశాల, మన ట్రిపుల్ ఐటీ కలిసి హైదరాబాద్‌లోనే వాణిజ్య భవనాలపై కొలిచి చూశాయి. పూత లేని కాంక్రీటు కప్పుకు తెల్ల రంగు వేస్తే చల్లదనానికి వాడే కరెంటు 10 నుంచి 19 శాతం తగ్గుతుందని అంచనా కట్టాయి. అంతకుముందు నల్లగా ఉన్న కప్పులపై కొలిచిన తగ్గుదల 14 నుంచి 26 శాతం.

కరెంటు బిల్లు సంగతిని ప్రాణాల సంగతిగా మార్చింది వడగాడ్పులు. 2010 మే నెలలో అహ్మదాబాద్‌లో మామూలు కంటే 1,344 మరణాలు ఎక్కువగా నమోదయ్యాయి. ఆ నగరం 2013లో, వడగాడ్పుల నుంచి జనాన్ని కాపాడేందుకు, వేడి కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. 2015 ఎండలు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీశాయి. 2017లో హైదరాబాద్ దేవరకొండ బస్తీలో 25 ఇళ్ల కప్పులపై ప్రయోగం జరిగింది. వాడింది రంగు కాదు, తెల్లని పొర. పక్క ఇళ్లతో పోలిస్తే లోపల సగటున 2 డిగ్రీలు తక్కువ. చిన్న అంకెలా కనిపిస్తుంది కానీ, ఏసీ లేని గదిలో పసిపిల్లతో పడుకునే తల్లికి అది చిన్నది కాదు.

2023 ఏప్రిల్‌లో తెలంగాణ కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పులు లక్ష్యం. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు తప్పనిసరి. నివాస భవనాల్లో 600 చదరపు గజాలు, ఆపై స్థలంలో కట్టేవాటికే తప్పనిసరి. అంతకు లోపు ఐచ్ఛికం.

నాకు మింగుడుపడనిది ఇక్కడే. 600 గజాల్లో ఇల్లు కట్టుకునేవారికి ఏసీ ఎలాగూ ఉంటుంది. ప్రయోగం జరిగింది బస్తీలో. అక్కడ అరవై గజాల్లో రేకులు వేసుకున్న ఇంటికి రంగు వేయించాలో వద్దో ఆ ఇంటివారి ఇష్టం.