కొండ సొరంగం, మన ఏటిగట్టు

చిట్టితల్లీ,

"అంత కష్టపడి కొండ తొలిచి, ఇరవై ఏళ్లకే ఎందుకు వదిలేశారు తాతయ్యా?" అని సిడ్నీ నుంచి అడిగావు కదా. గ్లెన్‌బ్రూక్‌లో, బ్లూ మౌంటెన్స్ జాతీయ పార్కు పక్కన మీరు చూసిన రైలు సొరంగం సంగతి. ఫోన్లో తేలేది కాదని రాస్తున్నా. పాలకొల్లులో మీ బావలు కూడా చదువుతారు.

మన వైపు కొండల్లేవు. ఎత్తంటే ఏటిగట్టే.

నా చిన్నప్పుడు లంకలోంచి కొబ్బరికాయల బండి తెచ్చేవాళ్లం. గట్టు దగ్గరికొచ్చేసరికి ఎడ్లు నిలబడిపోయేవి. నాన్న నేరుగా ఎక్కించేవాడు కాదు, ఐమూలగా తిప్పి తోలేవాడు. 1867లో గ్లెన్‌బ్రూక్ దగ్గరి ల్యాప్‌స్టోన్ కొండ మీదికి రైలు వేసినవాళ్లూ అదే చేశారు. రైలు గిరుక్కున తిరగలేదు కాబట్టి కొంత ముందుకి, కొంత వెనక్కి, మళ్లీ ముందుకి నడుస్తూ ఎక్కేది. దాన్నే జిగ్‌జాగ్ అన్నారు. రైళ్లు పెరిగాక ఆ ఆలస్యం భరించలేక, 1892లో ఈ సొరంగం తెరిచారు. పొడవు 600 మీటర్లకు పైనే, లైను మాత్రం ఒక్కటే.

వాలు మాత్రం తగ్గలేదమ్మా. 33 అడుగులు వెళ్తే ఒక అడుగు ఎత్తు. నడిచేవాళ్లకి అదొక లెక్క కాదు. ఇనుప పట్టా మీద ఇనుప చక్రానికి పట్టు తక్కువ, దానికది పెద్ద ఎక్కుడు. వానాకాలం గట్టు మీద బండి చక్రం జారినట్టే, కొండలోంచి ఊరే నీటికి పట్టాలు తడిసి ఇంజను చక్రాలు జారేవి. పైగా బొగ్గు పొగ. ఆ ఇరుకులో డ్రైవరు, ఫైర్‌మాన్ ఎంత అల్లాడి ఉంటారో!

మా బండి ఆగితే రేవులో ఉన్నవాళ్లు పిలవకుండానే వచ్చి చక్రాలు పట్టేవాళ్లు. వెనక బండాయన తన ఎడ్లు విప్పి మా ముందు కట్టేవాడు. కొండ దారుల్లో రైలుకి రెండో ఇంజను తగిలించేదీ ఇందుకే. బండి వెనక్కి జారకుండా చక్రం కింద రాయి వెయ్యడం నా పని. చిన్న పని చెప్పారని ఎప్పుడూ చిన్నబుచ్చుకోకండి. ఆ రాయి పడకపోతే కాయలన్నీ గోదాట్లోనే.

1913లో లోయ వెంట చుట్టూ తిరిగి వెళ్లే దారి వేశారు. వాలు తక్కువ, లైన్లు రెండు. సొరంగం ఖాళీ అయింది. అందులో పుట్టగొడుగులు పెంచారు. రైలుని ఏడిపించిన తేమే వాటికి ప్రాణం. రెండో ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రేలియా వైమానిక దళం 1942 నుంచి అక్కడ మస్టర్డ్ గ్యాస్ దాచింది. మనుషుల ఒళ్లు బొబ్బలెక్కించే విషం అది. చదివి మనసు చివుక్కుమంది. యుద్ధం అయ్యాక మళ్లీ పుట్టగొడుగులే మొలిచాయట, ఎంత సంతోషం వేసిందో!

పైన పడ్డ వాన రాతిలో దారి వెతుక్కుని గోడలోకి ఎలా దిగుతుందో నేను చెప్పేకన్నా నువ్వు చూడటం మేలు. నాన్నతోనే వెళ్లు. గోడకి అరచెయ్యి ఆనించి చూడు.

బావలకీ ఒక పని. పట్టాల పక్కన చెయ్యి చాపినట్టు చిన్న బోర్డులుంటాయి. చెయ్యి పైకి లేస్తే ఎక్కుడు, కిందికి వాలితే దిగుడు. దానిమీది అంకె, ఎన్ని అడుగులకి ఒక అడుగో చెబుతుంది. ఈసారి రైలెక్కినప్పుడు ఆ అంకెలు రాసుకుని నాకు పంపండి. 33 పక్కన పెట్టి చూద్దాం.

మీ తాతయ్య