కయోటీని పిలవడం: అపోహలు – వాస్తవాలు

డాలస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్లలో కొందరికి ఈమధ్య కయోటీ వేట మీద మనసు పడింది. కయోటీ అంటే చూడ్డానికి మన నక్కలా ఉండే ఇక్కడి అడవి జంతువు. అరుపులు వినిపించి దాన్ని దగ్గరికి రప్పించడమే పిలవడం. కొత్తగా వచ్చేవాళ్లు మొట్టమొదట అడిగేది ఒకటే: "అన్నా, ఏ కాలర్ కొనాలి?" కాలర్ అంటే ఆ అరుపులు వినిపించే పరికరం. తొమ్మిదేళ్ల కిందట నేను కూడా అదే అడిగాను, కాబట్టి నవ్వే హక్కు నాకు లేదు. కానీ "గాలి ఎటు వీస్తోంది?" అని అడిగినవాడు ఇంతవరకు ఒక్కడూ తగల్లేదు.

రెండు మాటలు ముందే చెప్పేస్తాను. వేట అంటే గిట్టనివాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు, నాకేం కోపం లేదు. రెండోది, ఇదంతా టెక్సాస్ సంగతి. సెలవుల్లో ఊరెళ్లి చెరువుగట్టు మీద నక్కను పిలిచి చూద్దామనుకునేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, జైలుకు పోతారు.

అపోహ: కయోటీ అంటే మన నక్కే.

దూరం నుంచి చూస్తే అలాగే అనిపిస్తుంది. కానీ ఇది ఉత్తర అమెరికాలోనే పుట్టి పెరిగిన జంతువు, తోడేలుకు దగ్గరి చుట్టం. చలికాలం బొచ్చు చూసి పాతిక ముప్పై కిలోలు ఉంటుందనుకుంటారు. చేత్తో ఎత్తితే పది, పదిహేను కిలోలే. రాత్రి ఊళ విని "మంద దిగింది" అని భయపడేవాళ్లకూ ఇదే జవాబు. రెండు కయోటీలు గొంతు మార్చి మార్చి కూస్తే పది ఉన్నట్టే వినిపిస్తుంది. ఊళ వేస్తే ఏదో చంపాయని కూడా కాదు. "ఇది మా చోటు" అని చెప్పడానికో, విడిపోయిన జంటను వెతుక్కోవడానికో కూస్తాయి.

అదృష్టవంతుణ్ని చూసి నక్క తోక తొక్కి వచ్చాడంటాం కదా. తోక తొక్కేంత దగ్గరికి ఈ తొమ్మిదేళ్లలో నా దాకా వచ్చినవి రెండే. రెండూ వెనక నుంచే వచ్చాయి.

అపోహ: మంచి కాలర్ ఉంటే కయోటీ దానంతటదే వస్తుంది.

వస్తుంది. మీకు కనపడకుండా వచ్చి, వాసన చూసుకుని, వెళ్లిపోతుంది.

ఈ విద్యను జనానికి పంచినవాళ్లలో టెక్సాస్‌లోని మార్బుల్ ఫాల్స్‌కు చెందిన బర్నమ్ సోదరుల పేరు ముందు చెబుతారు. 1950ల్లో వాళ్లు అమ్మింది నోటితో ఊదే చిన్న పిలుపు పీక. దెబ్బతిన్న కుందేలు అరుపు అందులోంచి వచ్చేది. తర్వాత వేకో ఊరి జానీ స్టీవర్ట్ నిజమైన జంతువుల అరుపుల్ని రికార్డు చేసి అమ్మాడు. ఇప్పుడు ఫాక్స్‌ప్రోలాంటి ఎలక్ట్రానిక్ కాలర్లలో వందల శబ్దాలుంటాయి, రిమోట్ నొక్కితే చాలు. శబ్దం సమస్య ఎప్పుడో తీరిపోయింది. తీరనిది వాసన.

నా రెండో ఏడాది, జనవరి. జాక్స్‌బరో ఊరు దాటాక ఒక రాంచ్, అంటే పశువులు పెంచే పెద్ద పొలం. తెల్లవారుతుంటే మెస్కీట్ చెట్టుకు ఆనుకుని కూర్చున్నాను. మెస్కీట్ అంటే మన సర్కారు తుమ్మకు వరసకు అన్నదమ్ముడు. ముళ్లు కూడా అదే పొగరుతో దిగుతాయి. "గాలికి ఎదురుగా కూర్చో" అని ఎవరో చెప్పారు కాబట్టి మొహం ఉత్తరానికి పెట్టాను. కాలర్‌ను నలభై గజాల ముందు గడ్డిలో పెట్టాను. పద్దెనిమిది నిమిషాలు కుందేలు గొంతు చించుకుంది. ఏమీ రాలేదు. ఇక్కడ కయోటీలే లేవు అని తిట్టుకుంటూ లేచి వెనక్కి తిరిగాను.

నేల మీద తెల్లటి మంచు పొర. దాని మీద నేను నడిచొచ్చిన బూటు గుర్తులు. వాటికి అడ్డంగా కోడిగుడ్డంత, అదే ఆకారంలో, ముందు రెండు గోళ్లు దగ్గరగా పడిన పాదముద్రలు. చిన్న చిన్న అడుగులతో నా వీపుకు ఇరవై అడుగుల దూరం దాకా వచ్చి ఒకచోట ఆగాయి. అక్కడి నుంచి వెనక్కి, ఒక్కో అంగ నా రెండంగలంత. నేను వినలేదు, చూడలేదు. అది మాత్రం నన్ను పూర్తిగా చదువుకుని పోయింది.

తప్పెక్కడంటే, కయోటీ శబ్దం వైపు తిన్నగా రాదు. చుట్టు తిరిగి, శబ్దం ఉన్నచోటి నుంచి గాలి తన ముక్కుకు తగిలే దిక్కుకు చేరుతుంది. గాలి నా మొహానికి కొడుతోందంటే ఆ దిక్కు నా వీపు వెనకే కదా! అందుకే ఎదురుగాలి కాదు, అడ్డగాలి కావాలి. గాలి మీ ఎడమ నుంచి కుడికి పోతుంటే కాలర్‌ను ఎడమ ముందుకు నలభై, యాభై గజాల దూరంలో పెట్టండి. చుట్టు తిరిగే కయోటీ కుడివైపు బయలు దాటాలి. మీ కళ్లు, తుపాకీ గొట్టం అటే ఉండాలి. కుడివైపు గుబురు పొదలుంటే ఆ చోటు వదిలేయండి, ఎంత బాగున్నా సరే. జేబులో టాల్కం పౌడర్ డబ్బా పెట్టుకోండి, చిటికెడు ఎగరేస్తే గాలి సంగతి అదే చెబుతుంది. వాసన రాకుండా చేస్తాయని అమ్మే స్ప్రేలు నేనూ రెండు మూడు కొన్నాను. డబ్బు దండగ.

అపోహ: ఎంత గట్టిగా మోగిస్తే అంత దూరం నుంచి వస్తాయి.

కయోటీ రెండొందల గజాల్లోనే పడుకుని ఉండొచ్చు. మొదటి రెండు నిమిషాలు తక్కువ శబ్దంతో మొదలుపెట్టి, తర్వాత పెంచుకుంటూ పోవాలి. అసలు వేట సగం కారు దగ్గరే పోతుంది. డోరు ధడేల్‌మని వేసి, ఫోను మాట్లాడుతూ గట్టు ఎక్కి, ఆకాశానికి అడ్డంగా నిలబడితే పిలవడం ఎందుకు? బండి పల్లంలో ఆపండి, తలుపు నెమ్మదిగా ఒత్తండి. ఒక్కో చోట పదిహేను, ఇరవై నిమిషాలు కూర్చోండి. దోమ కుట్టినా తల తిప్పొద్దు. కదలికను పట్టేసే కళ్లు వాటివి. పది చోట్ల కూర్చుంటే రెండు చోట్ల వచ్చాయా, ఆ రోజు నాకు పండగే. వీడియోల్లో మిగతా ఎనిమిదీ చూపించరు.

అపోహ: కయోటీ వేట రాత్రి పనే.

తెల్లవారాక మొదటి రెండు గంటలు నాకు అన్నిటికంటే బాగా పనిచేశాయి. టెక్సాస్‌లో ప్రైవేటు భూమిలో రాత్రి వేట చెల్లుతుంది కానీ, చీకట్లో కళ్ల మెరుపు చూసి కాల్చినవాడు పక్కవాడి కుక్కను చంపుకున్న కథలు ఇక్కడ ప్రతి కౌంటీలో వింటారు. కొత్తవాళ్లు పగలే నేర్చుకోండి.

అపోహ: ఏడాది పొడుగునా కుందేలు అరుపు చాలు.

అక్టోబరు, నవంబరుల్లో చాలు. ఆ ఏడాది పుట్టిన పిల్లలు అప్పుడే సొంత దారి చూసుకుంటుంటాయి, అనుభవం తక్కువ, ఆకలి ఎక్కువ. జనవరి వచ్చేసరికి మిగిలినవి ఆ అరుపు వినీ వినీ ముదిరిపోయి ఉంటాయి. అప్పుడు ఎలుక కిచకిచ, పక్షి అరుపు వాడి చూడండి. జనవరి నుంచి మార్చి దాకా జత కట్టే కాలం కాబట్టి ఒంటరి ఊళ ఒకటి వేసి ఊరుకోండి, పది నిమిషాల నిశ్శబ్దమే దాన్ని లాక్కొస్తుంది. కొత్తవాళ్లు చేసే పొరపాటు ఏంటంటే కోపంగా సవాలు విసిరే ఊళ పెట్టడం. చిన్న కయోటీ ఆ గొంతు వింటే తన్నులు తినాల్సొస్తుందని పారిపోతుంది.

అపోహ: పెద్ద తుపాకీ కావాలి.

పాయింట్ 223 రెమింగ్టన్ తూటా వాడే రైఫిల్ సరిపోతుంది. గాలి ఎక్కువ ఉండే మైదానాల్లో 22-250 తూటా వాడేవాళ్లున్నారు. పొదల్లో దగ్గరగా అయితే షాట్‌గన్నే మేలు. గుండు పోయి ఆగే మట్టి వెనక కనపడకపోతే మాత్రం ట్రిగ్గర్ మీద వేలు పెట్టొద్దు. ఇంతకు మించి తుపాకుల గురించి నాతో వాదించకండి.

అపోహ: హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు తుపాకీ ముట్టుకోకూడదు. లేదా, "అందరూ ముట్టుకుంటున్నారుగా, ఏం కాదు."

రెండూ తప్పే. రెండోది ఎక్కువ ప్రమాదం. నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండకూడదన్నది ఫెడరల్ చట్టం. కొన్ని మినహాయింపులున్నాయి. చెల్లుబాటులో ఉన్న అమెరికా వేట లైసెన్సు వాటిలో ఒకటి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం వర్తించదు. టెక్సాస్ వేట లైసెన్సు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో ముగుస్తుంది. సెప్టెంబరు 1న కొత్తది లేకుండా షూటింగ్ రేంజ్‌లో స్నేహితుడి రైఫిల్ పట్టుకున్నా చిక్కే. వీసా మీద ఉన్నవాళ్లు ఇలాంటి విషయంలో "ఏం కాదులే అన్నా" అనే మాట వినకండి. ఒకసారి లాయరును అడగండి, కాగితాలు జేబులో పెట్టుకోండి.

1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా చేయాలి. పదిహేడేళ్లు నిండితే ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. కయోటీలకు సీజన్ లేదు, ఇన్ని అనే పరిమితి లేదు. అది విని కొందరు లైసెన్సు కూడా అక్కర్లేదనుకుంటారు. పశువుల మీద పడుతున్న కయోటీకి మినహాయింపు ఉంది, సరదా వేటకు లేదు. భూమి యజమాని అనుమతి తప్పనిసరి. నేనైతే రాయించుకుంటాను. రోడ్డు మీద నుంచి కాల్చడం నేరం. డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో ఇంటి వెనక కాలువగట్టు మీద తిరిగేదాన్ని కూడా కాల్చలేరు. చేతులు చరిచి గట్టిగా అరవండి, పోతుంది.

అపోహ: మనం వేటాడితే కయోటీలు తగ్గిపోతాయి.

ఇది నేను కూడా చాన్నాళ్లు నమ్మాను. ఫెడరల్ సంస్థ వైల్డ్‌లైఫ్ సర్వీసెస్ ఒక్కటే ఏటా 50 వేలకు పైగా చంపుతోంది. అయినా హవాయి తప్ప అన్ని రాష్ట్రాల్లోనూ కయోటీలున్నాయి. 1975లో కానలీ, లాంగ్‌హర్స్ట్ అనే పరిశోధకులు లెక్క కట్టారు. ఏటా నూటికి 75 చంపినా మొత్తం పోవడానికి 50 ఏళ్లకు పైనే పడుతుందట. ఒక జంట పోతే ఆ చోటు కోసం కాచుకున్న ఒంటరి కయోటీలు దిగుతాయి. నా రైఫిల్ వల్ల టెక్సాస్‌కు మేలు జరుగుతోందని ఎవరికీ చెప్పను.

అయితే నేను వెళ్లే రాంచ్ పెద్దాయనకు ఆ లెక్కలతో పని లేదు. ఆయనకు కావాల్సింది ఆవులు ఈనే పొలంలో, ఈనే నెలకు ముందు, ఒకటి రెండు తగ్గడం. అందుకని చలికాలంలోనే రమ్మంటాడు. ఒకసారి మే నెలలో వస్తానని ఫోన్ చేశాను. గేటు తాళం కోడ్ చెప్పలేదు. "ఇప్పుడు బొరియల్లో పిల్లలుంటాయి, అక్టోబరులో కనబడు" అని పెట్టేశాడు. గొర్రెలు పెంచే పక్క రాంచ్ వాళ్లు అలా అనరు, వాళ్ల బాధ వేరు. నేను మాత్రం అక్టోబరు దాకా ఆగాను.