పన్ను నొప్పి ఆగిపోయిందంటే నయమైనట్టు కాదు

"మొన్నటిదాకా ప్రాణం పోయేంత నొప్పి డాక్టర్. తర్వాత దానంతటదే తగ్గిపోయింది. ఇప్పుడేమో ఇలా వాచింది." క్లినిక్‌లో ఈ మాట వినీ వినీ ఇది రాస్తున్నాను. మధ్యలో హాయిగా గడిచిన ఆ రోజులే చాలామందిని ముంచుతున్నాయి.

అపోహ: నొప్పి తగ్గింది కాబట్టి పన్ను బాగుపడింది.

వాస్తవం: రాత్రంతా సలిపిన పన్ను ఉన్నట్టుండి ఊరుకుందంటే, చాలాసార్లు లోపలి నరం చచ్చిపోయిందని అర్థం. పిప్పి లోపలిదాకా దిగితే పన్ను లోపల నరం, రక్తనాళాలు ఉండే మెత్తటి గుజ్జు వాస్తుంది. చుట్టూ గట్టి గోడలే, ఉబ్బడానికి చోటు ఉండదు. ఒత్తిడి పెరిగి రక్తం అందడం ఆగిపోతుంది, గుజ్జు చచ్చిపోతుంది, నొప్పి తెలియదు. సూక్ష్మక్రిములు మాత్రం బతికే ఉంటాయి. వేరు కొసలోంచి ఎముకలోకి దిగి అక్కడ చీము పట్టిస్తాయి.

అపోహ: యాంటీబయాటిక్ కోర్సు వాడితే చాలు.

వాస్తవం: మందు వెళ్లేది రక్తంతోనే. చచ్చిన గుజ్జులోకి రక్తమే వెళ్లనప్పుడు మందు ఎలా చేరుతుంది? జ్వరం, పాకుతున్న వాపు ఉంటే యాంటీబయాటిక్ తోడుగా కావాలి, నిజమే. కానీ రూట్ కెనాల్ చేయాలి లేదా పన్ను తీసేయాలి, చీము ఉంటే బయటికి దారి ఇవ్వాలి. పాత చీటీ చూపించి అవే మాత్రలు మళ్లీ మళ్లీ కొనుక్కునేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. 'వాపు ఉండగా పన్ను ముట్టుకోకూడదు' అన్న పుకారు ఒకటి. మత్తు ఎక్కడం కొంచెం కష్టమవుతుంది, అంతే. దానికోసం చికిత్స ఆపక్కర్లేదు.

ఒకాయన కింది వెనక పన్నుతో ఇలాగే నెట్టుకొచ్చారు. మామూలుగా నోరు తెరిస్తే మూడు వేళ్లు పడతాయి, ఆయనకు ఒక్క వేలే పట్టింది. ఉమ్ము మింగలేక రుమాలులోకి వదులుతున్నారు, మాట ముద్దగా వస్తోంది. దవడ కింద నొక్కి చూస్తే చెక్కలా గట్టిగా ఉంది, నాలుక పైకి లేచిపోయింది. కింది వెనక దంతాల వేర్ల కొసలు నోటి అడుగున ఉండే కండరం కంటే కిందికి ఉంటాయి. అందుకే అక్కడి చీము మెడ వైపు దిగుతుంది. దీన్నే లుడ్విగ్స్ ఆంజైనా అంటారు. ఊపిరి దారి మూసుకుపోవచ్చు. ఆయన్ని పడుకోబెట్టకుండా కూర్చోబెట్టే పెద్దాసుపత్రికి పంపించాం. బతికి బయటపడ్డారు.

వాపు దవడ కిందికో కంటి వైపుకో పాకుతున్నా, మింగడం, నోరు తెరవడం, ఊపిరి తీసుకోవడం కష్టమైనా అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడొద్దు. అర్ధరాత్రైనా ఎమర్జెన్సీకి వెళ్లండి.

అలాగని ప్రతిదానికీ హడలిపోకండి. చల్లనీళ్లకు జివ్వుమన్నా, ఫిల్లింగ్ ఊడినా, చిన్న ముక్క విరిగినా రెండు మూడు రోజుల్లో చూపించుకుంటే సరిపోతుంది. రాత్రంతా టెన్షన్ పడి కూర్చోనక్కర్లేదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఆస్పిరిన్ మాత్ర చిగురు మీద పెడితే చిగురు కాలిపోతుంది, నొప్పి పోదు. పై పన్ను తీస్తే చూపు దెబ్బతినదు. గర్భిణి అయినంత మాత్రాన పన్ను వైద్యం ఆపకూడదు. చీము అలాగే ఉండనివ్వడమే ఎక్కువ ప్రమాదం. పన్ను తీశాక రక్తం కారుతుంటే గాజుగుడ్డ గట్టిగా కొరికి అరగంట పట్టుకోండి. మాటిమాటికీ తీసి చూడకండి, ఉమ్మకండి.

ఇక దెబ్బ తగిలి పన్ను ఊడినప్పుడు. 'ఊడిపోయాక ఇంకేం చేస్తాం' అని పారేస్తుంటారు. శాశ్వత దంతమైతే మళ్లీ నాటొచ్చు. వేరును ముట్టుకోకుండా పైభాగం పట్టుకుని, మట్టి అంటితే కొన్ని క్షణాలు మాత్రం కడిగి, అదే గుంటలో పెట్టి, మెత్తటి గుడ్డ కొరికి పట్టుకుని రండి. పెట్టలేకపోతే పాలలో వేసి తెండి. నీళ్లలో నానిస్తే వేరు మీది కణాలు ఉబ్బి పగిలిపోతాయి. గంటసేపు పొడిగా ఉంటే అవి దాదాపుగా బతకవు. పాలపన్నైతే మాత్రం తిరిగి పెట్టొద్దు, లోపల తయారవుతున్న పన్ను దెబ్బతింటుంది. ఊడిన పన్ను ఎంత వెతికినా దొరక్కపోతే ఆ సంగతి డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. ఊపిరితిత్తుల్లోకి వెళ్లిందేమో ఎక్స్‌రే తీసి చూడాలి.