మలివయసులో మళ్లీ తోడు: అపోహలు, వాస్తవాలు

యాభయ్యో అరవయ్యో దాటినాక భార్యనో భర్తనో పోగొట్టుకున్న మనిషి మళ్లీ ఒక తోడు చూసుకుంటానంటే, ఇంట్లో వచ్చే మొదటి మాట "జనం నవ్వుతారు" అని. కాస్త ఓపిగ్గా కూర్చుని అడిగితే రెండో మాట బయటికొస్తుంది: "మరి ఇల్లెవరికి?" కర్నూలైనా, అనంతపురమైనా, కడపైనా గొడవ మొదలయ్యేది ఈ రెండో మాట దగ్గరే. దాన్ని పరువు మాటున దాచినంతకాలం తెగదు. అందుకే ఈ పోస్టులో మనసు సంగతి కంటే కాగితాల సంగతి ఎక్కువ.

అపోహ: "ఇవన్నీ సిటీ యవ్వారాలు, మన వైపు లేవు."

మారుమనువు అనే మాట ఊరికే పుట్టలేదు. సేద్యం, చేతిపనులు చేసుకునే చాలా కులాల్లో చట్టాల కంటే ముందునుంచే అది ఉంది. వితంతు వివాహాన్ని చట్టబద్ధం చేసింది 1856 నాటి చట్టం. వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. అయితే ఆ 1856 చట్టం ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకుంది: మళ్లీ పెళ్లాడిన స్త్రీకి మొదటి భర్త ఆస్తిలో హక్కు పోతుందని అందులోనే రాశారు. కింది అపోహకు వేరు అక్కడే ఉంది.

అపోహ: "మళ్లీ పెండ్లి చేసుకుంటే మొదటాయన ఆస్తి వెనక్కిచ్చేయాల."

అక్కర్లేదు. 1956 హిందూ వారసత్వ చట్టం వచ్చాక, భర్త వీలునామా రాయకుండా పోతే భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, బతికుంటే ఆయన తల్లికి సమాన వాటాలు. భార్య వాటాకు ఆమే పూర్తి హక్కుదారు, తర్వాత పెళ్లి చేసుకున్నా అది పోదు. పాత 1856 చట్టాన్నే 1983లో రద్దు చేశారు. ముస్లిం కుటుంబాల్లో భార్య వాటా పిల్లలుంటే ఎనిమిదో వంతు, లేకుంటే నాలుగో వంతు. మళ్లీ నికా చేసుకున్నా అది ఆమెదే.

చిక్కు చట్టంలో కాదు, రికార్డులో వస్తుంది. భర్త పోయి ఏళ్లు గడిచినా పాసుపుస్తకం ఆయన పేరునే ఉంటుంది. రెండో పెళ్లి మాట రాగానే మరుదులు "నీకేం సంబంధం" అంటారు. కాబట్టి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకుని మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) చేయించుకోవడం పెళ్లికి ముందు జరగాల్సిన పని.

ఇంకొకటి. ఆమె వీలునామా రాయకుండా పోతే, మొదటి భర్త నుంచి వచ్చిన పొలంలో కూడా ఆమె పిల్లలతో పాటు రెండో భర్తకు వాటా వస్తుంది. ఆ పొలం పూర్తిగా తన పిల్లలకే చెందాలనుకుంటే ఆమే వీలునామా రాయాలి.

అపోహ: "ఆస్తిలో నాకేమీ వద్దని ఆమెతో బాండు పేపరు మీద రాయించుకుంటే చాలు."

మన జిల్లాల్లో ఎక్కువమంది నమ్మేది, అంతే ఎక్కువగా దెబ్బతినేది దీంతోనే. వంద రూపాయల స్టాంపు కాగితం మీద కాబోయే భార్య సంతకం పెడుతుంది, కొడుకులు సాక్షులు. ఆ కాగితం కోర్టులో నిలవదు. ఎప్పుడో రాబోయే వారసత్వాన్ని ముందుగానే బదిలీ చేయడం చెల్లదని ఆస్తి బదిలీ చట్టం ఆరో సెక్షన్ చెబుతుంది. పైగా అలా రాయించుకోవడంతో ఆమెకు మొదటిరోజే తన స్థానమేమిటో తెలిసిపోతుంది. ఆ చేదు మిగిలిపోతుంది.

పిల్లల భయాన్ని అంకెల్లో చూడండి. నాయన స్వార్జితం 60 లక్షల ఇల్లు, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. ఆయన ఏమీ రాయకుండా పోతే తలా 20 లక్షలు. రెండో భార్య ఉంటే నాలుగు వాటాలు, తలా 15 లక్షలు. ఆ తేడా తలకు ఐదు లక్షలు. దాన్ని నోటితో అనలేక "పరువు" అంటారు. అంకె బల్లమీదికి వచ్చాక చాలా ఇళ్లలో గొంతు తగ్గుతుంది, ఎందుకంటే దీనికి దారులున్నాయి.

అన్నిటికంటే తేలికైనది వీలునామా. ఇద్దరు సాక్షులు చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించండి, ఆ సంతకం ఆయనది కాదనే వాదన తగ్గుతుంది. ఆస్తి దక్కేవాళ్లను సాక్షులుగా పెట్టొద్దు. సాధారణంగా పనికొచ్చే ఏర్పాటు ఇది: ఇల్లు పిల్లలకు, అందులో బతికినన్నాళ్లు ఉండే హక్కు భార్యకు, ఆమె ఖర్చులకు విడిగా ఆమె పేర బ్యాంకు డిపాజిట్.

ఈ విడి డిపాజిట్ ఎందుకంటే, మనోవర్తికి బదులుగా ఇచ్చిన పరిమిత హక్కు (బతికినన్నాళ్లు అనుభవించడం వరకే ఉండేది) సంపూర్ణ హక్కుగా మారగలదని 1977లో తులసమ్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది మన ఆంధ్ర నుంచి వెళ్లిన కేసే. పోషణ వేరు, నివాసం వేరు అని వీలునామాలో స్పష్టంగా ఉండాలి. డాక్యుమెంట్ రైటర్ దగ్గర పాత నమూనా కాపీ కొట్టించే పని కాదిది. వకీలు ఫీజు ఇక్కడ దండగ కాదు.

పిల్లల్ని శాంతింపజేయాలని పెళ్లికి ముందే ఇల్లంతా గిఫ్ట్ డీడ్ రాసిచ్చేసేవాళ్లూ ఉన్నారు. రిజిస్టరైన గిఫ్ట్‌ను మనసు మారిందని రద్దు చేసుకోలేరు. ఇవ్వక తప్పదనుకుంటే, తనను చూసుకోవాలనే షరతు ఆ దస్తావేజులోనే రాయించాలి. అప్పుడే మాట తప్పితే 2007 వయోవృద్ధుల చట్టం 23వ సెక్షన్ కింద ఆర్డీఓ అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్‌కు గట్టిగా వెళ్లగలరు. మళ్లీ పెళ్లి చేసుకున్నంత మాత్రాన పిల్లల నుంచి పోషణ అడిగే హక్కు పోదు. ఆ చట్టంలో తల్లిదండ్రులంటే సవతి తల్లి, సవతి తండ్రి కూడా.

మతాన్ని బట్టి రెండు జాగ్రత్తలు. క్రైస్తవుల్లో పెళ్లికి ముందు రాసిన వీలునామా పెళ్లితోనే రద్దయిపోతుంది, మళ్లీ రాయాలి. హిందువులకు ఈ నియమం లేదు. ముస్లింలు వీలునామాతో మూడో వంతుకు మించి ఇవ్వలేరు. వారసులకే ఇవ్వాలంటే మిగతా వారసుల సమ్మతి కావాలి.

ఇక సవతి పిల్లలకు వారసత్వం దానంతటదే రాదు. ఆమె కూతుర్ని ఆయన సొంత బిడ్డలా చూసుకున్నా, రాసివ్వకుంటే ఆయన ఆస్తిలో ఆ బిడ్డకు వాటా లేదు.

అపోహ: "పెన్షన్‌దేముంది, ఎవరికీ చెప్పకుంటే సరి."

భార్య పోయిన ఉద్యోగికి తన సర్వీసు పెన్షన్ మళ్లీ పెళ్లి చేసుకున్నా ఆగదు. భర్త పోయిన స్త్రీకి వచ్చే కుటుంబ పెన్షన్ మాత్రం పునర్వివాహంతో ఆగుతుంది. రాష్ట్ర ప్రభుత్వమైనా, గుంతకల్లు డివిజన్ రైల్వే పెన్షన్ అయినా, పీఎఫ్ పెన్షన్ పథకమైనా అంతే. నష్టమంతా ఆడమనిషికే. ఇది న్యాయమని మాత్రం అనలేం. కేంద్ర, రైల్వే పెన్షన్లలో ఒక మినహాయింపు ఉంది: పిల్లలు లేని వితంతువుకు ఇతర ఆదాయం కనీస కుటుంబ పెన్షన్, దాని మీది డీఆర్ (కరువు భృతి) కలిపిన మొత్తం కంటే తక్కువగా ఉంటే, పెళ్లి తర్వాతా పెన్షన్ కొనసాగుతుంది.

దాచిపెడితే ఏమవుతుంది? పునర్వివాహం చేసుకోలేదని కుటుంబ పెన్షనర్ రాసిస్తూ ఉండాలి. ఎవరో ఒకరు, చాలాసార్లు చుట్టమే, అర్జీ పెడతారు. పెళ్లి తర్వాత తీసుకున్నదంతా రికవరీ. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటుంది. దాచిన పెళ్లిని రిజిస్టర్ చేయించరు గనక, రెండో భర్త పోయిన రోజు ఆయన కుటుంబ పెన్షన్‌కు ఆమె దగ్గర ఆధారం ఉండదు. రెండూ పోతాయి.

సరైన లెక్క ఇలా ఉంటుంది. నెలకు 15,000 ఆగిపోతే ఏడాదికి 1,80,000. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ పథకంలో 8.2 శాతం వడ్డీ లెక్కన అంత రావాలంటే దాదాపు 22 లక్షలు ఆమె పేర ఉండాలి. కాబోయే భర్త పెన్షనర్ కాకుండా మడికట్లే ఆధారమైన రైతైతే, ఈ డబ్బు ఎక్కడినుంచి వస్తుందో లగ్నానికి ముందే తేలాలి. ఆయన కేంద్ర ప్రభుత్వ పెన్షనర్ అయితే రిటైరైన తర్వాత చేసుకున్న భార్యకూ కుటుంబ పెన్షన్ వస్తుంది. దానికి పెళ్లి సర్టిఫికెట్ పెట్టి ఆఫీసులో కుటుంబ వివరాల్లో ఆమె పేరు చేర్పించాలి. ఆయన బతికుండగా ఒకపూట పని. ఆయన పోయాక అదే ఆమెకు ఏళ్ల తిరుగుడు.

ఎన్టీఆర్ భరోసా వితంతు పింఛన్ 4,000 కూడా పెళ్లితో ఆగుతుంది. అరవై దాటినవాళ్లకు అర్హత ఉంటే వృద్ధాప్య పింఛనూ అంతే మొత్తం.

అపోహ: "పెండ్లెందుకు, ఊరికే కలిసుంటే పోలా?"

నేరం కాదు. వివాహం వంటి బంధమని తేలితే 2005 గృహహింస చట్టం రక్షణ స్త్రీకి ఉంటుంది. కానీ వారసత్వం లేదు, కుటుంబ పెన్షన్ లేదు. ఈ దారి ఎంచుకునేవాళ్లు ఒకరికొకరు వీలునామాలు రాసుకోకుంటే, ఒకరు పోయిన పదకొండోరోజుకు ఇంకొకరి సామాను వీధిలో ఉంటుంది.

అపోహ: "రిజిస్ట్రారాఫీసులో సంతకం పెడితే పెండ్లయిపోయినట్టే."

హిందూ వివాహ చట్టం కింద తంతు జరగాలి. తంతు లేని సర్టిఫికెట్‌తో పెళ్లి కాదని 2024లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. గుళ్లో తాళి కట్టి, ఫొటోలు, సాక్షులు, పోయిన భార్య లేదా భర్త మరణ ధ్రువపత్రాలతో రిజిస్టర్ చేయించండి. తంతు వద్దనుకుంటే 1954 ప్రత్యేక వివాహ చట్టం ఉంది. ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో 30 రోజులు నివాసం ఉండాలి, నోటీసు తర్వాత 30 రోజులు ఆగాలి, పెళ్లినాడు ముగ్గురు సాక్షులు కావాలి. నోటీసు బోర్డు మీద పడుతుంది కాబట్టి పిల్లలకు అక్కడ తెలియడం కంటే ముందే చెప్పడం మేలు. "మాకిష్టం లేదు" అన్నది చట్టం ఒప్పుకునే అభ్యంతరం కాదు.

అవతలి మనిషి "విడిగా ఉంటున్నాం" అంటే విడాకుల డిక్రీ అడగండి. డిక్రీ లేకుంటే ఆ పెళ్లి చెల్లదు. డిక్రీ ఉన్నా అప్పీలు గడువు 90 రోజులు దాటిందో లేదో చూడండి.

అపోహ: "సంవత్సరీకం అయిపోతే దుఃఖం తీరినట్టే." / "ఇంత తొందరగానా?"

ముస్లిం స్త్రీకి ఇద్దత్, అంటే భర్త పోయాక మళ్లీ పెళ్లికి ఆగాల్సిన గడువు, నాలుగు నెలల పది రోజులు. అది తప్ప చట్టంలో గడువేమీ లేదు. చూడాల్సింది క్యాలెండర్‌ను కాదు. నిద్ర పడుతోందా, తన మందులు తాను వేసుకుంటున్నారా, బ్యాంకుకు వెళ్లగలుగుతున్నారా? భార్య పోయిన మగవాళ్లు ఆరునెలలకే తొందరపడేది చాలాసార్లు అన్నం కోసం. వంటమనిషి జీతంతో తీరే అవసరానికి ఒక ఆడమనిషి జీవితం అడగొద్దు. ముందు మూణ్నెల్లు సొంతంగా వండుకు తిన్నాక అప్పుడు చెప్పండి తోడు కావాలో వద్దో.

గోడమీది ఫొటో తీసేయాల్సిన పని లేదు. తద్దినం పెట్టే తిథి కొత్త మనిషికి ముందే తెలిసుండాలి, అంతే.

అపోహ: "ఈ వయసులో ఆ ముచ్చటెందుకు?"

అది ఇద్దరూ మాట్లాడుకోవాల్సిన విషయం, ఊరు తేల్చేది కాదు. ముట్లాగినాక స్త్రీలకు పొడిబారడం వల్ల నొప్పి రావడం మామూలే. నీటి ఆధారిత జెల్ వాడొచ్చు, చాలకపోతే గైనకాలజిస్టు క్రీమ్ రాస్తారు. రక్తం కనిపిస్తే మాత్రం వెంటనే చూపించుకోవాలి. కండోమ్‌తో కొబ్బరినూనె వాడితే అది చినుగుతుంది. గర్భం భయం లేదని కండోమ్ మానేస్తారు, జబ్బులకు వయసుతో పనిలేదు. హెచ్ఐవీ పరీక్ష ప్రభుత్వ పెద్దాసుపత్రుల ఐసీటీసీలో (హెచ్ఐవీ సలహా, పరీక్ష కేంద్రంలో) ఉచితం. హెపటైటిస్-బి కూడా చూపించుకోండి.

మగవాళ్లకు ఒక హెచ్చరిక: గుండెకు సార్బిట్రేట్ వంటి నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లు సిల్డెనాఫిల్ ముట్టకూడదు. రెండూ కలిస్తే బీపీ ప్రాణం మీదికి తెచ్చేంతగా పడిపోతుంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మందు కాదది.

అపోహ: "మనం మోసపోతామా?"

ఫోన్లో పరిచయమై, విదేశంలో డాక్టరునంటూ, పార్సిల్ కస్టమ్స్‌లో ఆగిందని డబ్బడిగితే అది మోసం. చదువుకున్న రిటైర్డు ఉద్యోగులే ఎక్కువ పోగొట్టుకుంటారు, ఎందుకంటే వాళ్ల ఖాతాలో గ్రాట్యుటీ ఉంటుంది. డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. గంటల్లో చేస్తే ఖాతా ఆపే అవకాశం ఉంది, సిగ్గుపడి వారం ఆగితే దాదాపు లేదు. ఊళ్లో కుదిరిన సంబంధమైనా మరణ ధ్రువపత్రం అసలు చూడండి, ఆస్తి ఉందంటే రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఈసీ (దాని మీది లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం) తీయించండి. వాళ్లూ మీవి అడుగుతారు, నొచ్చుకోవద్దు.

పిల్లలకు చెప్పే వరస

అందరినీ కూర్చోబెట్టి పంచాయితీ వద్దు. ఒక్కొక్కరితో విడిగా, మనిషిని చూపించకముందే, ఆస్తి ఏర్పాటుతో సహా చెప్పండి. అనుమతి అడగొద్దు, నిర్ణయం తెలియజేయండి. మొదటిసారి కలవడం ఇంట్లో కాకుండా బయట, పండగనాడో తద్దినం నాడో కాకుండా మామూలు రోజున పెట్టుకోండి. మనవళ్లు అవ్వ అంటారో పేరు పెట్టి ఆంటీ అంటారో వాళ్లకే వదిలేయండి. వీలైతే మొదట్లో పదకొండు నెలల అగ్రిమెంటుతో వేరే అద్దె ఇంట్లో కాపురం పెట్టండి. పోయినావిడ సర్దిన వంటగదిలో కొత్తావిడ పోపులడబ్బా జరిపినా కూతురి కళ్లలో నీళ్లొస్తాయి, అందులో తప్పు ఇద్దరిదీ కాదు.