షెడ్ల పిల్లలు, జనాభా లెక్కలు

బెంగళూరు

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

మన లేఅవుట్ చివర అపార్ట్‌మెంట్లు కడుతున్నచోట, రేకుల షెడ్లలో ఉంటున్న కర్నూలు, అనంతపురం కూలీల పిల్లలకు దగ్గరలో అంగన్‌వాడీ ఎందుకు లేదని మొన్న అడిగారు. కారణాలు చాలానే ఉంటాయి గానీ, వాటిలో పెద్దది జనాభా లెక్క.

నాలుగు వందల నుంచి ఎనిమిది వందల మందికి ఒక అంగన్‌వాడీ, పట్టణాల్లో యాభై వేల మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నవి ప్రభుత్వ ప్రమాణాలు. ఆ జనాభా ఎంతో తేల్చేది జనగణన. బెంగళూరు నగర జిల్లాలో 2001లో 65 లక్షల మంది ఉంటే 2011 నాటికి 96 లక్షలయ్యారు. 2021లో జరగవలసిన గణన కోవిడ్ వల్ల ఆగిపోయింది కాబట్టి, 2011 తరువాత వెలసిన లేఅవుట్లు చాలావరకు పాత లెక్కలో ఇంకా రాగి చేలే!

రేషన్ సంగతీ అంతే. 2013 నాటి ఆహార భద్రతా చట్టం పల్లెల్లో 75 శాతం, పట్టణాల్లో 50 శాతం జనాభాకు ధాన్యం ఇమ్మంటుంది. 2011 లెక్కతో కట్టిన ఆ కోటా దేశం మొత్తానికి సుమారు 81 కోట్ల మంది దగ్గర ఆగింది. ఆపైన కార్డులు ఇవ్వదలచిన రాష్ట్రం తన ఖర్చుతోనే ఇవ్వాలి.

అలాగని తలలు ఎక్కువైతే డబ్బు ఎక్కువ వస్తుందనీ అనుకోకండి. 2021-26 కాలానికి కేంద్ర పన్నుల్లో 41 శాతాన్ని రాష్ట్రాలకు పంచిన పదిహేనవ ఆర్థిక సంఘం నేరుగా జనాభాకు ఇచ్చిన ప్రాధాన్యం 15 శాతమే. ఆదాయంలో వెనుకబాటుకు 45 శాతం ఇచ్చింది. అయితే దాన్నీ 2011 జనాభాతోనే హెచ్చవేశారు. జననాలను అదుపు చేసిన రాష్ట్రాలు నష్టపోకూడదని మరో 12.5 శాతం కేటాయించారు. ఇంత చేసినా అప్పుడు కర్ణాటక వాటా 4.713 నుంచి 3.647 శాతానికి పడిపోయింది. అందుకు తలసరి ఆదాయం పెరగడమే ముఖ్య కారణమని, నెపమంతా జనగణన మీదికి నెట్టడం సరికాదని నా అభిప్రాయం.

2021లో ఆగిన గణనకు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ, అంటే ఆ రోజు నాటికి ఉన్న జనాభానే లెక్క. మనుషులను వారు మామూలుగా ఉంటున్నచోటే లెక్కిస్తారు. కానీ షెడ్లలోని వారిని అడిగితే, ‘మాది కర్నూలు జిల్లా సామీ, మా పేర్లు ఊళ్లో రాయించుకుంటాం’ అనే అవకాశమే ఎక్కువ. అలా చేస్తే వారి పిల్లలు తిరిగేది ఇక్కడ, వారి పేరున అంగన్‌వాడీ లెక్కకు వచ్చేది అక్కడ. రాసుకోవడానికి వచ్చేవారు చాలావరకు బడి పంతుళ్లే, వారు కన్నడంలో అడుగుతారు. మీకు రెండు భాషలూ వచ్చు కనుక, గణన జరిగే 2027 ఫిబ్రవరిలో షెడ్ల దగ్గరికి వెళ్లి మాటసాయం చేయండి. చెప్పిన వివరాలను 1948 నాటి జనగణన చట్టం గోప్యంగా ఉంచుతుందని, వాటిని కోర్టులో సాక్ష్యంగా వాడరాదని కూడా వారికి చెప్పండి.

ఇట్లు,
మీ తాతయ్య