రాత్రి రెండింటికి గోళ్ల చప్పుడు

మా జిమ్మీకి 14 ఏళ్లు. పామేరియన్. రాత్రి రెండు కాగానే పడక దిగి నడవడం మొదలుపెడుతుంది. హాల్లోంచి వంటింటికి, మళ్లీ వెనక్కి. పద్మారావునగర్‌లో మాది మూడో అంతస్తు. నున్నటి టైల్స్ మీద ఆ గోళ్ల టకటకలు కింది ఇంటికి కూడా వినిపిస్తాయి. కాసేపటికి వెళ్లి వీధి తలుపు ముందు నిలబడుతుంది. తెరుచుకునే వైపు కాదు, బందులున్న వైపు. అక్కడ గోడకేసి చూస్తూ ఊళ వేస్తుంది.

"కుక్క ఏడుపు ఇంటికి మంచిది కాదమ్మా" అంది కింది ఇంటి పెద్దావిడ. యమభటులు కుక్కల కంటికి కనిపిస్తారని మా అమ్మమ్మా చెప్పేది. డాక్టర్ మాత్రం, తలుపుకు ఏ వైపు నిలబడుతోందని అడిగారు. బందుల వైపు అనగానే తలూపారు.

తలుపు ఏ వైపు తెరుచుకుంటుందో మరిచిపోవడం ముసలి కుక్కలకు వచ్చే మతిమరుపు జబ్బు గుర్తుల్లో ఒకటి. ఈ జబ్బును కెనైన్ కాగ్నిటివ్ డిస్‌ఫంక్షన్ అంటారు. మెదడులో బీటా అమైలాయిడ్ అనే ప్రోటీన్ పేరుకుపోతుంది. అల్జీమర్స్ వచ్చిన మనుషుల మెదడులో పేరుకునేదీ అదే. అందులోని అమైనో ఆమ్లాల వరుస కూడా మనకూ కుక్కలకూ ఒకటే. తెలిసిన ఇంట్లోనే దారి తప్పడం, సోఫా వెనక దూరి బయటికి రావడం తెలియక ఇరుక్కుపోవడం, ఏళ్ల తరబడి బయటికే వెళ్లిన కుక్క హాల్లో తడిపేయడం దీని గుర్తులు. కొన్ని ఇంటివాళ్లను పట్టించుకోవడం మానేస్తాయి, కొన్ని ఒక్క క్షణం వదలవు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్ పరిశోధకులు 2001లో ప్రచురించిన లెక్క ప్రకారం 11, 12 ఏళ్ల కుక్కల్లో 28 శాతానికి ఇలాంటి మార్పుల్లో కనీసం ఒక రకం కనిపించింది. 15, 16 ఏళ్లకు అది 68 శాతం.

మరి రాత్రే ఎందుకు? పగలంతా పడుకుంటుంది కాబట్టి, అనుకున్నాను నేను. అది సగమే నిజం. నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీవాళ్లు 28 ముసలి కుక్కలకు తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి, మధ్యాహ్నం కునుకు తీస్తుండగా మెదడు తరంగాలను నమోదు చేశారు. ఫలితాలు 2023లో వచ్చాయి. మతిమరుపు ముదిరినకొద్దీ అసలు నిద్రే తగ్గుతోంది, గాఢనిద్రా కలల నిద్రా రెండూ. అంటే జిమ్మీ పగలు పడుకున్నా దానికి నిద్ర తీరినట్టు కాదు. మే నెలలో ఎండకి భయపడి బయటికి తిప్పకుండా ఏసీ గదిలో పడుకోబెడితే ఇంకా గందరగోళమే, దానికి పగలేదో రాత్రేదో ఆనవాలు దొరకదు. పైగా చీకట్లో, శుక్లాలొచ్చిన కళ్లకి గోడా తలుపూ ఒక్కలాగే ఉంటాయి.

అయితే రాత్రి తిరిగే ప్రతి కుక్కకీ మతిమరుపని తేల్చేయకూడదు. కీళ్ల నొప్పి ఉన్న కుక్క ఏ వైపు పడుకున్నా కుదరక లేచి తిరుగుతుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నా, షుగర్ వచ్చినా నీళ్లు ఎక్కువ తాగి అర్ధరాత్రి లేస్తుంది. అందుకే ముందు రక్తపరీక్ష, మూత్రపరీక్ష, బీపీ. నొప్పేమోనని ఇంట్లో ఉన్న ఐబుప్రొఫెన్, పారాసిటమాల్ వేస్తే ప్రాణం మీదికి రావచ్చు. తిట్టడం, తడిపిన చోట ముక్కు రుద్దడం ఎందుకూ పనికిరావు. ఎందుకు తిట్లు తింటున్నానో గుర్తుంచుకునే మెదడే కదా పాడైంది!

జబ్బుని పూర్తిగా తగ్గించే మందు లేదు. సెలెజిలిన్ అనే మాత్రకు అమెరికాలో 1998లోనే అనుమతి వచ్చింది. కొన్ని కుక్కల్లో పనిచేస్తుంది, వారాలు పడుతుంది, అదీ డాక్టర్ చెబితేనే. నాకు ఎక్కువ పనికొచ్చినవి మాత్రం చిన్న మార్పులే. పొద్దున ఆరింటికీ, పొద్దు వాలాకా నడక. పడుకునే ముందు మరోసారి కిందికి. హాల్లో జీరో బల్బు. కుర్చీలు, నీళ్ల గిన్నె ఎప్పుడూ ఉన్నచోటే. కాళ్లు జారకుండా హాలు నుంచి వంటింటి దాకా పాత చాపలు.

నిన్న లిఫ్ట్‌లో కింది ఇంటి పెద్దావిడ భయం భయంగా, "మీ జిమ్మీ ఉందా అమ్మా? చప్పుడే లేదు?" అంది. ఉంది. ఇప్పుడు చాపల మీద నడుస్తోంది.